చేనుకున్న కావలి పిల్లలకేది?

(బి.ఎస్‌సి. చివరి సంవత్సరం విద్యార్థిని, బాన్సువాడ)

మనలో చాలామందిమి రైతుబిడ్డలం. పైరు ఎట్లా ఎదుగుతుందో, ఎక్కడ దెబ్బ తింటుందో పుస్తకం చూడకుండానే మనకు తెలుసు. ఆకు మీద మచ్చ కనపడితే చాలు, మన నాయినలు లెక్క కడతరు. విత్తనం ఏది? యూరియా ఎంత పడ్డది? మంచు ఎన్ని దినాలు పట్టింది? నీళ్ళు ఎప్పుడు కట్టినం? కానీ ఊళ్ళో ఒక పిలగాడు బడి మానేసి కల్లు దుకాణం ముందు కనపడితే మాత్రం ఎవరూ లెక్క కట్టరు. "వాని బుద్ధే అంత" అంటరు. లేకుంటే "వాని రాత" అంటరు. అక్కడితో మాట ఖతం. పైరు దగ్గర కారణాలు వెతికే మనం పిల్లల దగ్గర జోస్యం చెప్పి ఊరుకోవడం ఎందుకు? విజ్ఞానశాస్త్రం చదువుకుంటున్న విద్యార్థినిగా ఈ ప్రశ్న నన్ను చాలాకాలంగా వెంటాడుతున్నది. దీనికి శాస్త్రజ్ఞులు చెప్పిన జవాబును, మన బాన్సువాడ ప్రాంతానికి అన్వయించి, మిత్రుల ముందు పెట్టాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

మూడు కలిస్తేనే తెగులు

వృక్షశాస్త్రం తరగతిలో తెగుళ్ళ పాఠం చదివినవారికి ఒక త్రిభుజం గుర్తుండే ఉంటుంది. ఒక మూల మొక్క, రెండో మూల రోగకారకం, మూడో మూల పరిసరం. వరికి వచ్చే అగ్గి తెగులునే తీసుకుందాం. దానికి కారణం ఒక శిలీంధ్రం. దాని బీజాలు గాలికి చాలా దూరం పోతాయి. అయినా ప్రతి మడికీ ప్రతి ఏడూ అగ్గి తెగులు రాదు. తెగులుకు తట్టుకోలేని రకం వేసి, నత్రజని అతిగా చల్లి, దానికి తోడు చల్లని రాత్రులు, ఆకుల మీద గంటల తరబడి మంచు తడి ఇవన్నీ ఒక్కచోట కూడితే అప్పుడు పొలం కాలిపోయినట్టు అవుతుంది. వీటిలో ఒక్కటి తప్పించినా నష్టం తగ్గుతుంది. మంచును మనం ఆపలేం. కానీ యూరియా తగ్గించగలం, రకం మార్చగలం, గట్ల మీది గడ్డి తీయగలం.

యువతరం ఆరోగ్యంగా ఎదగడం గురించి పరిశోధించినవారు కూడా దాదాపు ఇదే చెప్తున్నారు. చెడుకు దారితీసే అవకాశాన్ని పెంచే వాటిని ముప్పు కారకాలు అంటారు. ఆ ముప్పులు ఉన్నా పిల్లను నిలబెట్టే వాటిని రక్షక కారకాలు అంటారు. మన మాటలో చెప్పాలంటే కావలి. పంట మీద పిట్ట వాలకుండా మంచె మీద మనిషి ఉన్నట్టు, ఎదిగే పిల్ల చుట్టూ కొన్ని కావళ్ళు ఉండాలన్న మాట.

ఇక్కడ ఒక్క సంగతి జాగ్రత్తగా గ్రహించాలి. ముప్పు కారకం అంటే విధి కాదు. తాగుబోతు తండ్రికి పుట్టిన ప్రతి కొడుకూ తాగుబోతు కాడు. పేదింటి పిల్లలందరూ చదువు మానరు. ముప్పు ఉంటే చెడిపోయే అవకాశం కొంత ఎక్కువ, అంతే. అయితే ఒక ముప్పుకు ఇంకొకటి, దానికి మరొకటి తోడైన కొద్దీ ఆ అవకాశం వేగంగా పెరుగుతుంది. ఒక్క బస్తా ఎవరైనా మోస్తారు. నాలుగు బస్తాలు ఒక్కసారి ఎత్తితే ఎంత బలవంతునికైనా నడుము పోతుంది.

ఈ వయసే ఎందుకు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 10 నుంచి 19 ఏళ్ళ వరకు కౌమారం. ఈ కాలంలో శరీరంతో పాటు మెదడు కూడా మారుతుంది. ఉద్రేకాన్ని, సంతోషాన్ని, కొత్తదనం మీది ఆశను నడిపే భాగాలు ముందుగా చురుకౌతాయి. ముందూ వెనుకా ఆలోచించి పగ్గం వేసే భాగం, అనగా నుదుటి వెనుక ఉండే ముందుమెదడు, పూర్తిగా పక్వం కావడానికి ఇరవై అయిదేళ్ళ దాకా పడుతుంది. కోడెదూడకు బలం వచ్చింది గానీ కాడి అలవాటు కాలేదన్న మాట. అందుకే ఈ వయసులో పిల్లలు త్వరగా నేర్చుకుంటారు, త్వరగా అలవాటు పడతారు కూడా. మంచి అలవాటైనా చెడ్డ అలవాటైనా ఇప్పుడు పడ్డది లోతుగా నాటుకుంటుంది.

చెరకు తోటల దీవిలో నలభై ఏళ్ళు

ఈ విషయంలో అందరూ చెప్పుకునే పరిశోధన ఒకటి పసిఫిక్ మహాసముద్రంలోని హవాయి దీవుల్లో జరిగింది. అక్కడ కవాయి అనే దీవి ఉంది. ఆ రోజుల్లో అక్కడ చాలా కుటుంబాలు చెరకు తోటల్లో కూలి చేసి బతికేవి. చెరకు మాట మనకు కొత్త కాదు. నిజాంసాగర్ నీళ్ళతో పండిన చెరకును బోధన్ షుగర్ ఫ్యాక్టరీకి బండ్ల మీద తోలిన కథలు మన తాతల నోట విన్నవాళ్ళమే. 2015లో మూతపడేదాకా ఆ ఫ్యాక్టరీ ఎన్ని ఇండ్లకు ఆధారమో మనం ఎరిగినదే. కనుక కవాయి కూలీల బతుకు మనకు ఊహకందనిది కాదు.

1955లో ఆ దీవిలో పుట్టిన 698 మంది పిల్లలను ఎమీ వెర్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు నలభై ఏళ్ళ వయసు వచ్చేదాకా గమనించారు. వారిలో దాదాపు మూడోవంతు పిల్లలకు ఒకటి కాదు, నాలుగైదు ముప్పులు పుట్టుకతోనే చుట్టుకున్నాయి: పేదరికం, కాన్పు కష్టం, ఇంట్లో కొట్లాటలు, తల్లిదండ్రుల తాగుడు లేదా మానసిక వ్యాధి. ఇలాంటి పిల్లల్లో మూడింట రెండు వంతుల మంది చదువులోనో నడతలోనో ఇబ్బంది పడ్డారు. ఇది ఎవరైనా ఊహించేదే. ఊహించనిది మిగిలిన మూడోవంతు సంగతి. అన్ని ముప్పుల మధ్య కూడా వాళ్ళు చక్కగా ఎదిగి, పని చేసుకొని, ఇతరులను ప్రేమించగల మనుషులయ్యారు.

వారికి ఉన్నదేమిటి? పరిశోధకులు వెతికితే కొన్ని సంగతులు మళ్ళీ మళ్ళీ కనిపించాయి. చిన్నప్పటి నుంచి ఆ పిల్లను పట్టించుకున్న పెద్దమనిషి కనీసం ఒక్కరు ఉన్నారు. తల్లే కానక్కరలేదు, అమ్మమ్మ కావచ్చు, పిన్ని కావచ్చు, పంతులు కావచ్చు. తనకు చేతనైన పని ఒకటి ఉంది. తనను తమ మనిషి అనుకునే ఒక గుంపు, ఒక బడి ఉంది. ఇంకొక ముఖ్యమైన సంగతి. పద్దెనిమిదేళ్ళకు గాడి తప్పిన వాళ్ళలో కూడా ఎక్కువమంది ముప్ఫై, నలభై ఏళ్ళు వచ్చేసరికి బాగుపడ్డారు. మళ్ళీ చదువుకునే అవకాశమో, మంచి ఉద్యోగమో, మంచి జీవిత భాగస్వామో దొరకడమే దానికి కారణం. అంటే రెండో దర్వాజా తెరిచి ఉంటే ఆలస్యంగానైనా లోపలికి వస్తారు.

మన ఊళ్ళ ముప్పులు

ఇక మన సంగతికి వద్దాం. నాకు తోచిన మూడింటిని చెప్తాను.

మొదటిది కల్లు. తాటిచెట్టు, ఈతచెట్టు గీసి తీసిన అసలు కల్లులో చక్కెర ఉంటుంది. గాలిలోని ఈస్టు దాన్ని పులియబెట్టి కొద్దిపాటి ఆల్కహాలు చేస్తుంది. గీత కార్మికుల కష్టం మీద నాకు గౌరవం ఉంది, ఇక్కడ నిందిస్తున్నది వారిని కాదు. చెట్లు తక్కువ, తాగేవారు ఎక్కువ కావడంతో కొన్ని చోట్ల నీళ్ళలో చక్కెర గోళీలు, క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపి కల్లు అని అమ్ముతున్నారు. ఆల్ప్రాజోలం అసలు డాక్టరు చీటీ మీద ఆందోళన తగ్గడానికి ఇచ్చే మందు. మెదడులో నరాల వేగాన్ని తగ్గించే గాబా అనే రసాయనం ఒకటి ఉంటుంది. ఈ మందు దాని పనిని పెంచుతుంది. రోజూ తాగితే మెదడు ఆ అదనపు బ్రేకుకు అలవాటు పడి తన సొంత బ్రేకును సడలిస్తుంది. అప్పుడు ఒక్కసారిగా మానేస్తే చేతులు వణుకుతాయి, నిద్ర రాదు, లేనివి కనపడతాయి, కొందరికి ఫిట్స్ వస్తాయి.

ఇది కేవలం పుస్తకంలోని మాట కాదు. 2015 సెప్టెంబరులో నిజామాబాద్ జిల్లాలో కల్తీ మీద దాడులు జరిగి మత్తు మందు అందకపోయేసరికి పెద్ద సంఖ్యలో జనం ఇవే లక్షణాలతో ఆసుపత్రుల పాలయ్యారు. 2025 ఏప్రిల్‌లో మన పక్కనే నస్రుల్లాబాద్, బీర్కూర్ మండలాల ఊళ్ళలో కల్తీ కల్లు తాగి పదుల మంది పడిపోతే బాన్సువాడ ఆసుపత్రికి తెచ్చారు. కాబట్టి "వానికి మానాలని మనసు లేదు" అనే ముందు ఆ మనసు మీద మందు ఏం పని చేసిందో తెలుసుకోవాలి. ఇట్లా అలవాటు పడ్డవాళ్ళను గదిలో పెట్టి తాళం వేసి మాన్పించడం ప్రమాదం. డాక్టరు దగ్గరికి తీసుకపోతే మందుతో మెల్లమెల్లగా తగ్గిస్తారు. పండుగ పూట పిల్లల నోట్లో "ఓ బుక్కెడు" పోసే ముచ్చటను కూడా ఇక మానుకోవాలె.

రెండోది ఆడపిల్లలకు తొందరగా చేసే పెళ్ళి, దానికి తోడు నెత్తురు లేకపోవడం. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన తెలంగాణలో 20–24 ఏళ్ళ స్త్రీలలో నూటికి 23 మందికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవారు. 2006 నాటి బాల్యవివాహ నిషేధ చట్టం ఉండగానే ఇది జరిగింది. అదే సర్వేలో 15–19 ఏళ్ళ ఆడపిల్లల్లో నూటికి 60 మందికి పైగా రక్తహీనత ఉన్నట్టు తేలింది. నెత్తురులో ఇనుము తక్కువైతే హిమోగ్లోబిన్ తగ్గుతుంది, మెదడుకు, కండరాలకు ప్రాణవాయువు తక్కువ అందుతుంది. పిల్ల తరగతిలో కునుకుతుంది, పాఠం ఎక్కదు, "దీనికి చదువు రాదు" అంటారు, "అయితే పెళ్ళి చేద్దాం" అంటారు. ఒక ముప్పు ఇంకొక ముప్పును ఎట్లా పిలుచుకొని వస్తుందో చూడండి. ఈ గొలుసుకు మొదటి కొండి ఇనుము. బడిలో వారానికోసారి ఇచ్చే నీలిరంగు ఇనుము గోళీని చాలామంది పిల్లలు కిటికీలోంచి పారేస్తారు. అన్నం తిన్నాక ఆ గోళీ వేసుకొని, వెంటనే చాయ్ తాగకుండా ఉంటే దాని గుణం దక్కుతుంది. చాయ్ ఇనుమును ఒంట పట్టనీయదు, నిమ్మరసం పట్టనిస్తుంది.

మూడోది ఫలితాల రోజు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత మన రాష్ట్రంలో ఇరవై మందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్న సంగతి తలుచుకుంటే ఇప్పటికీ గుండె చెరువౌతుంది. ఫెయిలు కావడం ఒక్కటే అంత పని చేయదు. ఇంటి అప్పు, "మా పరువు తీసినవ్" అనే మాట, పక్కింటి పిల్లతో పోలిక, చెప్పుకునే మనిషి లేకపోవడం, ఇవన్నీ ఆ ఒక్క సాయంత్రం కూడబలుక్కుంటాయి. పరీక్ష పోతే సప్లిమెంటరీ ఉంది. ఆ రాత్రి పక్కన కూర్చుని ఆ మాట చెప్పే మనిషి ఉండాలె.

కావలి ఎట్లా పనిచేస్తుంది?

ఇప్పుడు రెండో పక్క చూద్దాం. మాలావత్ పూర్ణ పేరు తెలియనివారు మనలో లేరు. సిరికొండ మండలం పాకాల అమ్మాయి. తల్లిదండ్రులు వ్యవసాయ కూలీలు. 2014 మే 25న, పద్నాలుగేళ్ళు కూడా నిండకుండానే ఎవరెస్టు ఎక్కింది. మనం దీన్ని పూర్ణ ధైర్యం అని చెప్పి చప్పట్లు కొట్టి ఊరుకుంటాం. ధైర్యం ఉంది, కాదనను. కానీ మన లెక్క ప్రకారం చూస్తే ఆ ధైర్యం చుట్టూ ఏమేం ఉన్నాయో కనపడతాయి. తాడ్వాయి గురుకుల పాఠశాల ఆమెకు వేళకు తిండి, చదువు, ఆట ఇచ్చింది. కొండలెక్కడం నేర్పే గురువు దొరికాడు. భువనగిరి గుట్ట మీద మొదలుపెట్టి డార్జిలింగ్, లడాఖ్ దాకా మెట్టు మెట్టుగా తర్ఫీదు ఇచ్చారు. పేద పిల్లలు ఎందుకు ఎక్కలేరని అడిగిన అధికారి ఒకరు పైన ఉన్నారు. ఖమ్మం జిల్లా ఆనంద్ కుమార్ తోడుగా ఎక్కాడు. ఆడపిల్లను అంత దూరం పంపడానికి తల్లిదండ్రులు ఒప్పుకున్నారు. వీటిలో రెండు మూడు తీసివేస్తే అదే పూర్ణ, అదే ధైర్యం, కానీ పాకాలలోనే ఉండిపోయేది. పాకాల వంటి ఊళ్ళలో అట్లా ఉండిపోయిన పూర్ణలు ఎంతమందో!

పెద్దవారి సంగతి ఎందుకు, నా సంగతే చెప్తాను. ఇంటర్ అయిపోయిన ఎండాకాలంలో నాకు ఒక సంబంధం వచ్చింది. పిలగాడు మంచివాడు, పొలం ఉంది. మా మేనమామ "ఇంత మంచిది మల్ల దొరుకుతదా బావా?" అన్నాడు. ఆ యేడు వడ్లు కల్లంలోనే తడిసినయి, నాయిన చేతిలో పైసలు లేవు. అప్పుడు మా నాయనమ్మ అడ్డం పడ్డది. తనకు పదమూడేళ్ళకు పెళ్ళయింది. "నేను సూసింది సాలదా? పిల్లను సదువుకోనియ్యుండ్రి" అన్నది. మా కెమిస్ట్రీ మేడం ఇంటికొచ్చి అమ్మతో గంటసేపు మాట్లాడింది. మా ఊరి నుంచి ఇద్దరు స్నేహితురాళ్ళు కాలేజీకి వస్తామన్నారు, కలిసి పోయి కలిసి రావచ్చు. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులో ఆడవాళ్ళకు టికెట్ లేకపోవడంతో దారి ఖర్చు మాటే లేదు. నాయిన మెత్తబడ్డాడు. ఈ నాలుగు కావళ్ళు నిలబడితేనే నేను ఈ రోజు మీ ముందు ఈ నాలుగు మాటలు రాయగలుగుతున్నాను. ఇదంతా నా తెలివి అనుకుంటే అంతకన్న అబద్ధం లేదు.

మా వాడకట్టులోనే ఒక తమ్ముడున్నాడు. నాకన్న మూడేళ్ళు చిన్న. లెక్కల్లో నాకన్న చురుకు. వాళ్ళ నాయినకు కల్లు అలవాటై ఒళ్ళు పాడయింది. రెండు పంటలు వరుసగా దెబ్బ తిన్నయి. టెన్త్‌లో ఒక్క ఇంగ్లీషు పోయింది. వాణ్ణి మళ్ళీ రాయమని అడిగిన మనిషి లేడు. ట్రాక్టరు దగ్గర పెద్ద పోరగాళ్ళు మాత్రం దగ్గరికి తీసిండ్రు. నాకు, వానికి మధ్య తేడా బుద్ధిలో లేదు. కావళ్ళ లెక్కలో ఉంది. ఆ మధ్య కనపడితే "అక్కా, నాకింక సదువేంది?" అని నవ్విండు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఓపెన్ స్కూల్‌లో టెన్త్ పూర్తి చేయవచ్చని, ట్రాక్టరు పని మానకుండానే చదవవచ్చని చెప్పిన. దరఖాస్తు తెచ్చి ఇచ్చిన. ఇంకా నింపలేదు. మళ్ళీ అడుగుతా.

మనం చేయగలిగినది

మిత్రులారా! పేదరికాన్ని మనం ఒక్కరోజులో పోగొట్టలేం. కల్తీని అరికట్టడం, ఉద్యోగాలు చూపడం, ఆసుపత్రుల్లో మానసిక వైద్యులను పెట్టడం ప్రభుత్వం బాధ్యత. అది గట్టిగా అడగడం మన విద్యార్థి సంఘం బాధ్యత. పిల్లలు గట్టిగా ఉండాలని ఉపన్యాసాలిచ్చి ముప్పులను అట్లాగే వదిలేయడం న్యాయం కాదు. అయితే కావలిగా నిలబడటానికి మాత్రం ఏ జి.ఓ. అవసరం లేదు. నాకు తోచినవి ఇవి:

1. ప్రతి ఒక్కరం మన ఊళ్ళో బడి పిల్ల ఒకరిని ఎంచుకుందాం. ఆదివారం ఒక గంట పాఠం చెప్పినా చాలు. పాఠం కన్న, ప్రతి వారం తప్పకుండా పోవడం ముఖ్యం. నాలుగు వారాలు పోయి మానేసే కావలి కన్న లేని కావలే నయం.

2. టెన్త్, ఇంటర్ ఫలితాల రోజు మన ఊళ్ళో ఎవరు ఫెయిలైనారో కనుక్కొని ఆ పూటే వాళ్ళింటికి పోదాం. మార్కులు అడగొద్దు. "అన్నం తిన్నవా?" అని అడుగుదాం. "బతకాలని లేదు" అనే మాట ఎవరి నోట వచ్చినా తేలికగా తీసుకోకుండా, ఒంటరిగా వదలకుండా, 14416 టెలిమానస్ నంబరుకు ఫోన్ చేద్దాం. అది ఉచితం.

3. చిన్న పిల్లకు పెళ్ళి మాట వినపడితే ముందు ఆ ఇంటి నాయనమ్మతో, అమ్మతో మాట్లాడదాం. మాట సాగకపోతే 1098 ఉంది.

4. బడి మానినవారిని ఎగతాళి చేయకుండా ఓపెన్ స్కూల్ దారి చూపుదాం. రెండో దర్వాజా ఎక్కడుందో తెలియక బయట నిలబడ్డవాళ్ళే ఎక్కువ.

కవాయి దీవిలో నలభై ఏళ్ళు తిరిగి పరిశోధకులు కనుక్కున్నదాన్ని మా నాయనమ్మ ఒక్క అక్షరం చదవకుండా చేసి చూపింది. ఒక పిల్ల పక్షాన ఒక పెద్దమనిషి గట్టిగా నిలబడటమే ఆ పని. మనమందరం ఎవరో ఒకరు నిలబడితేనే ఈ కళాశాల మెట్లెక్కినవాళ్ళం. ఆ రుణం తీర్చుకోవడానికి మన ఊళ్ళో, మన వాడకట్టులోనే ఒకరు ఎదురుచూస్తున్నారు. ఈ ఆదివారమే పోదాం.